మొదటి కానుపే అన్న మనిషి

గంజి వార్చే వేళకు ఫోను మోగేది. ఏడు దాటి పావుగంట అటూ ఇటూ. కిటికీ దిమ్మె మీద ఫోను పెట్టి, స్పీకరు నొక్కి, రెండు చేతులతో గిన్నె వంచేదాన్ని.

"అమ్మా, గంజి వంచినవా?" అని అడిగేది మా యమున.

"వంచుతున్న బిడ్డా, ఆగు, చెయ్యి కాలుతది."

ఆ గంజి చల్లారబెట్టి, నీలిమందు ఒక చుక్క వేసి, తెల్ల చొక్కా ముంచి, పిండి, దులిపి, దండెం మీద ఆరేసేదాకా మా ముచ్చట సాగేది. అల్లుడు బాలరాజ్ శేరిగూడలో ఇంజనీరింగు కాలేజీ బస్సు నడుపుతాడు. ఆ వేళకు అతను డ్యూటీకి పోయేవాడు కాబట్టి దానికీ తీరికే, నాకూ తీరికే.

ఇప్పుడు ఫోను ఆ దిమ్మె మీదనే ఉంటుంది. మోగదు. గంజి వార్చడం మాత్రం తప్పలేదు, చొక్కా ముంచడం తప్పలేదు. మాట్లాడే మనిషి లేకపోయేసరికి చేతిలో ఉన్న చొక్కాను చూడడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళుగా ముంచుతున్నాను కానీ అందులో దూరే మనిషిని అంత నిదానంగా ఎన్నడూ చూడలేదు.

ఆ మనిషి పేరు వీరస్వామి. మొగుడి పేరు ఆడది నోటితో అనకూడదంటారు. రాయకూడదని నాకెవరూ చెప్పలేదు.

వీరస్వామి పదో తరగతి రెండుసార్లు తప్పాడు. మూడోసారి రాయలేదు కానీ, ఎవరడిగినా "టెన్త్" అని చెప్పడం నేర్చుకున్నాడు. అది అబద్ధం కాదట. చదివింది పదే కదా, పాసైనవా అని ఎవడడిగాడు? ఆయన బతుకంతా ఈ ఒక్క తెలివి మీద నడిచింది.

మా పెళ్ళయిన ఏడాదికి ఇబ్రహీంపట్నంలో ఎమ్మార్వో ఆఫీసుకు ఎదురుగా జిరాక్సు షాపు పెట్టాడు. కాగితం అంటే వణికే జనం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సు దిగి నేరుగా ఆ షాపుకే వచ్చేవాళ్ళు. పింఛను కావాలి, రేషన్ కార్డు కావాలి, కులం సర్టిఫికెట్ కావాలి. వీరస్వామి ఫారం నింపేవాడు. నింపడంతో ఆగేవాడా? ఆఫీసు కిటికీ దాకా వెంట పోయి వాళ్ళ బదులు తనే జవాబులు చెప్పేవాడు.

"నువ్ నోరు తెరువకు, నేను చెప్త." ఇది ఆయన మొదటి పాఠం.

"ఆఫీసోనికి ఒక్క మాటలనే చెప్పాలె. రెండో మాట చెప్పినవనుకో, రెండో కాగితం అడుగుతడు." ఇది రెండోది. మూడో పాఠం లేదు. ఆ రెండింటితోనే ఊళ్ళో పెద్దమనిషి అయ్యాడు.

ఒకసారి మల్లేశయ్య అనే రైతు భూమి కాగితం కోసం వచ్చాడు. ఆయనకొక తమ్ముడు ఉండేవాడు, పెళ్ళి కాకముందే పాము కరిచి చనిపోయాడు. వారసుల గడిలో ఆ తమ్ముడి పేరు రాయకుండా వీరస్వామి కలం మూశాడు.

"చచ్చిపోయిండని రాస్తే చావు సర్టిఫికెట్ తెమ్మంటరు మల్లేశన్నా. అసలు లేనే లేడని రాస్తే పని అయిపాయె."

"నా తోడబుట్టినోడు లేడంటే ఎట్ల స్వామీ? నా చేతులతోటి మన్ను పోసిన."

"నీ చేతులకు ఎరుకైతే చాలు. ఆఫీసుకెందుకు?"

షాపులో ఉన్నవాళ్ళందరూ నవ్వారట. మల్లేశయ్య పని వారంలో అయిపోయింది. ఇంటికొచ్చి అన్నం తింటూ వీరస్వామి ఆ ముచ్చట చెప్పి మళ్ళీ నవ్వాడు. నేనూ నవ్వాను. వడ్డిస్తున్న గరిటె పట్టుకుని మరీ నవ్వాను.

తర్వాత కొంగరకలాన్‌లో కలెక్టరాఫీసు లేచింది. దాని పక్కన ఫ్యాక్టరీ వస్తుందన్నారు, వచ్చింది. జొన్న పండిన చోటల్లా తెల్లరాళ్ళు పాతారు. వీరస్వామి జిరాక్సు షాపు మూసి ప్లాట్ల ఏజెంటయ్యాడు. అప్పటి నుంచే ఈ తెల్ల చొక్కాలు. రెండే చొక్కాలు. ఒకటి ఒంటి మీద, ఒకటి నా బకెట్లో. ఎర్రమట్టిలో తిరిగి వచ్చినా, మర్నాడు పొద్దునకు గంజి పెట్టి, కాలరు నిలబడేట్టు ఇస్త్రీ కావాలి. చొక్కా నిలబడితే లోపల మనిషి వంగినా కనపడదు.

ఏజెంటయ్యాక కూడా పాత అలవాటు పోలేదు. పొద్దున్నే మా అరుగు మీద నలుగురైదుగురు కాగితాలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. నేను చాయలు పోసేదాన్ని. ఆయన అడిగేవాడు, ఆయనే జవాబు చెప్పేవాడు, వాళ్ళు తలలూపేవాళ్ళు. ఒకరి బతుకు గురించి వాళ్ళకంటే తనకే బాగా తెలుసన్నట్టు మాట్లాడే మనిషిని జనం ఎందుకు నమ్ముతారో నాకిప్పటికీ తెలియదు. నేనెందుకు నమ్మానో కూడా తెలియదు.

యమున తొలి కానుపు మా ఇంటి నుంచే అయింది. పురిటికి పుట్టింటికి రావడం మా ఆచారం. నొప్పులు రెండు రోజులు వచ్చి ఆగిపోతే కడుపు కోసి తీశారు. ఆడపిల్ల. ఒక్క పొద్దు బతికింది. పేరు పెట్టుకునే తీరిక కూడా ఇవ్వలేదు. దవాఖాన వాళ్ళు ఇచ్చిన డిశ్చార్జి కాగితాన్ని మడిచి, నా పెళ్ళి చీర కింద, ట్రంకు పెట్టెలో దాచాను. ఎందుకు దాచానంటే ఆ పిల్ల పుట్టిందని చెప్పేందుకు లోకంలో అదొక్కటే ఉంది.

"ఇగ ఆ ముచ్చట ఎవ్వరు తియ్యద్దు" అన్నాడు వీరస్వామి. ఎవరూ తీయలేదు.

రెండేళ్ళు తిరగకముందే యమునకు మళ్ళీ నెల తప్పింది. మూడో నెలలో స్కానింగు తీయించమన్నారు. బాలరాజ్‌కు కాలేజీ పరీక్షల రోజులు, సెలవు దొరకలేదు. "మామ ఉన్నడు గదా, ఆయనకు అన్ని ఎరుకే" అన్నాడు పాపం. గంజి పెట్టిన చొక్కా వేసుకుని మామ ముందు నడిచాడు, మేమిద్దరం వెనక.

బస్సు డిపో అవతల ఉన్న స్కానింగు సెంటరులో, తెర లోపలికి పంపేముందే ఒక ఫారం నింపుతారు. బల్ల దగ్గరున్న పిల్ల యమున ఆధార్ కార్డు తీసుకుని అడిగింది.

"పిల్లలెంతమంది?"

యమున నోరు తెరిచింది. వీరస్వామి అప్పటికే చెప్పేశాడు. "పిల్లల్లేరు."

"మొదటి కానుపేనా?"

"మొదటిదే. రాస్కో."

యమున నా కొంగు పట్టి గుంజింది. "అమ్మా..."

"నువ్ నోరు తెరువకు, నేను చెప్త" అన్నాడు తండ్రి. ఆ కిటికీల ముందు ముప్పై ఏళ్ళు అన్న మాటే. బిడ్డ కాబట్టి మెల్లగా అన్నాడు, అంతే తేడా.

లోపలికి నన్నూ రానిచ్చారు. వీరస్వామి తెర అవతల నిలబడ్డాడు. తెర కింద ఆయన చెప్పులు కనబడుతున్నాయి. డాక్టరమ్మ యమున పొట్ట మీద చల్లటి జిగురు రాసి యంత్రం ఆనించింది. పక్కనున్న కంప్యూటరు మీద వేలెడంత బిడ్డ ఎగిరింది. యమున నా చెయ్యి నొక్కింది.

"గుండె మంచిగ కొట్టుకుంటుంది, చూడు" అంది డాక్టరమ్మ. తర్వాత యంత్రాన్ని కిందికి జరిపి, అక్కడే చాలాసేపు ఆపింది. బిడ్డ పక్కన తెల్లగా, మందంగా, గోడకు రొట్టె అంటించినట్టు ఒకటి కనబడుతోంది. "ఇది మాయ. బిడ్డకు తిండి ఇచ్చేది. ఇది బాగా కిందికి ఉంది, అదీ ముందు గోడకు. ఇక్కడ పొట్ట కింద ఈ కుట్టు గీత దేనిదమ్మా?"

తెర అవతల నుంచి జవాబు వచ్చింది. "గడ్డ తీసిన్రు మేడం. పెండ్లికి ముందు."

డాక్టరమ్మ తెరకేసి చూడలేదు. యమున మొహమే చూసింది. "నేను ఎందుకు అడుగుతున్ననో విను బిడ్డా. ముందు ఆపరేషన్ కానుపు అయి ఉంటే, ఆ కుట్టు మీద మాయ కూర్చుంటే, కుట్టులోకి వేర్లు దిగుతయి. కానుపప్పుడు ఊడి రాదు. రక్తం ఆగదు. అట్లాంటి వాళ్ళను నేను ఇంకో తీరుగ చూస్త, ఇప్పుడే పెద్ద దవాఖానకు రాసిస్త. అది కాకుంటే ఫికర్ లేదు, కడుపు పెరిగేకొద్ది మాయ పైకి జరుగుతది. గడ్డనేనా?"

ఇంతకన్నా వివరంగా ఎవరు చెబుతారు? బడికి పోని మనిషికి కూడా అర్థమయ్యేట్టు చెప్పింది. యమున నా వైపు చూసింది. నేను చెప్పుల వైపు చూశాను. చెప్పులు కదల్లేదు.

"అవ్ మేడం" అంది యమున.

డాక్టరమ్మ రాసిచ్చింది. మాయ కిందికి ఉంది, ఐదో నెలలో తప్పకుండా మళ్ళీ చూడాలి. వీరస్వామి ఆ కాగితం చూసి, "అంత నార్మలే" అని ప్లాట్ల నక్షాలున్న ఫైలులో పెట్టుకున్నాడు.

బయట బెంచీ మీద కోటేశ్వరిగారు కూర్చుని ఉన్నారు. గుంటూరు వైపు వాళ్ళు, వీరస్వామి దగ్గరే ప్లాటు కొన్నారు. కోడలు శ్రీలేఖను లోపలికి పంపి నా పక్కకు జరిగారు.

"మాదీ ఇదే పనండి, వదినగారూ. కోడలికి రెండోది. మొదటిది ఆపరేషనేనండి. కిందటి వారం అదంతా కక్కేశాం. పాత కాగితాలన్నీ పట్రమ్మంది, మాయ ఆ కుట్టు మీద పడిందో లేదో మళ్ళీ చూస్తానంది. విసుక్కున్నాననుకోండి, ఎన్నిసార్లు తిరగాలి అని. మరి మీ అమ్మాయికి?"

"మొదటిదేనమ్మా" అన్నాడు వీరస్వామి, నాకంటే ముందు, పళ్ళన్నీ కనబడేట్టు. కొనుగోలుదారు ముందు చొక్కా మడత చెడకూడదు కదా.

గేటు దాటాక నేను ఆగాను. "ఇగో, లోపలికి పోయి ఆపరేషన్ ముచ్చట చెప్పొద్దాం. ఆమె ఏమన్నదో ఇన్నరు గదా."

"ఇప్పుడు పోయి అబద్ధం చెప్పినమని చెప్తవా? ఇజ్జత్ ఏం గావాలె? వెనకటి కాగితాలు తెమ్మంటరు. ఏడున్నయ్ కాగితాలు? నీకెరుకనా?"

ఎరుక. నా పెళ్ళి చీర కింద ఉన్నాయి. ఆ మాట నా నోట్లోంచి రాలేదు. వీరస్వామిని ఎంత తిట్టినా ఇది నా వంతు తప్పే. దీన్ని ఆయన ఫారంలో కలపలేను.

ఐదో నెల వచ్చింది. గంజి వార్చే వేళ యమున ఫోనులో అంది, "అమ్మా, డాక్టరమ్మ రమ్మన్నది గదా. బాపును అడుగు."

అడిగాను. వీరస్వామి అద్దం ముందు కాలరు సర్దుకుంటున్నాడు. "ఆమెనే అన్నది గదనే, పైకి పోతదని. పైకి పోయినదాన్ని మళ్ళ చూసుడెందుకు? వెంచర్ల మస్తు పని ఉన్నది." తను చెప్పిన అబద్ధానికి డాక్టరమ్మ ఇచ్చిన ధైర్యం అది. దాన్నే ఆయన నిజమనుకున్నాడు. ఊరందరినీ మోసం చేసేవాళ్ళను చూశాను కానీ, తన అబద్ధం చేతిలో తనే ఇంత తేలిగ్గా పడిపోయినవాణ్ణి చూడలేదు. ఇంటికొచ్చిన బాలరాజ్‌తో కూడా "ఫికర్ చెయ్యకు" అన్నాడు. మామ చెప్పాడని అల్లుడు ఊరుకున్నాడు.

ఎనిమిదో నెలలో, అదే వేళకు ఫోను మోగింది. "అమ్మా, నొప్పి లేదు. చీరంత తడిసింది. ఎర్రగ." గంజి గిన్నె చేతిలోంచి జారి నా పాదం మీద పడింది. అదే చివరి ఫోను.

హైదరాబాద్‌లోని పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. చక్రాల మంచం పక్కన పరుగెత్తుతూ ఒక చిన్న వయసు డాక్టరు అడిగింది. "ఎన్నో కానుపు?"

వీరస్వామి అలవాటుగా ముందుకు వంగాడు. "మొద..."

"రెండోది మేడం" అంది యమున. గొంతు సన్నగా ఉంది కానీ ఒక్క అక్షరం కూడా తడబడలేదు. "మొదటిది ఆపరేషన్. ఆడపిల్ల. ఒక్క దినం ఉన్నది."

డాక్టరు ఆగిపోయి మా ముగ్గురి మొహాలూ చూసింది. "ఈ మాట ముందెక్కడా చెప్పలేదా? మూడో నెలల స్కానింగుల చెప్పలేదా?"

ఒక్క మాటలో జవాబు చెప్పే మనిషి చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

మాయ పాత కుట్టులోకి దిగి, మూత్రసంచి దాకా పాకిందని చెప్పారు. ముందే తెలిస్తే రోజు చూసుకుని, రక్తం సిద్ధం పెట్టుకుని, నలుగురు డాక్టర్లు కలిసి చేసే ఆపరేషనట. తెలియక వచ్చేసరికి చేతిలో ఉన్నదానితో చేశారు. పొద్దు గూకేలోపు యమున పోయింది. బిడ్డ మిగిలింది. ఆడపిల్లే.

దవాఖాన వాళ్ళు పుట్టుక కాగితం ఇచ్చారు. బాలరాజ్ గోడకు తల కొట్టుకుంటున్నాడు, కలం పట్టే స్థితిలో లేడు. వీరస్వామి కలం పట్టాడు. తల్లికి పుట్టిన పిల్లలెందరు అన్న గడి దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకుండా 'ఒకటి' అని రాశాడు. నేను అయిదో తరగతి దాకా చదువుకున్నాను. ఆ ఒకటిని చదవగలిగాను.

పదకొండో రోజున వచ్చినవాళ్ళతో "దవాఖానోళ్ళు సరిగ చూడలే" అన్నాడు. నెల తిరిగాక "దేవుని రాత" అన్నాడు. ఇప్పుడు బాలరాజ్ వాళ్ళమ్మ దగ్గర పెరుగుతున్న ఆ పిల్లను చూపించి, "నా మొదటి మనుమరాలు" అంటున్నాడు. ఏడవలేదని అనను, ఏడ్చాడు. ఏడుస్తున్నప్పుడు కూడా కాలరు తడవకుండా తుడుచుకున్నాడు.

అరుగు మీదికి జనం రావడం మానలేదు. ఆయనకు బిడ్డ పోయిందని వాళ్ళకు ఎరుకే, ఎట్లా పోయిందో ఎరుక లేదు. నేను చాయలు పోస్తూనే ఉన్నాను.

మొన్న సోమవారం ఈదమ్మ వచ్చింది. మా వెనక వీధిలో కూరగాయలు అమ్ముతుంది. వెంట కోడలు, కొత్త చీర, చేతిలో ఆధార్ కార్డు.

"స్వామన్నా, కోడలికి మూడో నెల. స్కానింగుకు పొమ్మన్నరు. ఆడ ఏమేమో అడుగుతరట. జర వచ్చి మాట్లాడరాదూ."

"ఎందుకు రాను ఈదమ్మా. నువ్వు, నీ కోడలు నోరు తెరువకున్రి. నేను చెప్త." ఒంటి మీద బనియనుతోనే కూర్చున్న వీరస్వామి లోపలికి కేక వేశాడు. "ఏమేయ్, చొక్కా!"

ఒక చొక్కా నిన్నటి మట్టితో మూలన పడి ఉంది. రెండోది బకెట్లో, గంజిలో ఉంది. నా చేతులు దాని మీదే ఉన్నాయి. చేతులు బయటికి తీసి, కొంగుకు తుడుచుకున్నాను.

"చొక్కా ఏదే?"

"గంజిల ఉన్నది."

"పిండలేదా?"

"లే."

"మరి ఎప్పుడు పిండుతవ్? వాళ్ళు కూసున్నరు."

నేను ట్రంకు పెట్టె తెరిచాను. పెళ్ళి చీర కింద నుంచి ఆ కాగితం తీసుకుని అరుగు మీదికి వచ్చాను. జనం కూర్చుని ఉండగా చాయ లేకుండా ఆ అరుగు మీదికి రావడం అదే మొదలు. ఈదమ్మ కోడలి పక్కన కూర్చున్నాను.

"ఎన్నో కానుపు బిడ్డా?"

ఆ పిల్ల అత్త మొహం చూసింది. ఈదమ్మ గొణిగింది, "పోయిన ముచ్చట ఎందుకక్కా ఇప్పుడు. మొదటిదనే అనుకోరాదూ."

"నిన్నడగలే ఈదమ్మా."

"రెండోది పెద్దమ్మా" అంది పిల్ల. "మొదటిది ఆపరేషన్ చేసి తీసిన్రు. బతకలే."

"మా యమునది గూడ గంతే." కాగితం విప్పి ఈదమ్మ ఒళ్ళో పెట్టాను. చదవడం ఆమెకు రాదు. అందుకని నోటితోనే చెప్పాను. స్కానింగులో డాక్టరమ్మ అడిగింది, తెర అవతల నుంచి వచ్చిన జవాబు, కుట్టులోకి దిగిన మాయ. అన్నీ. ఈదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందే నీ లొల్లి, లోపలికి పో" అన్నాడు వీరస్వామి.

"నువ్ నోరు తెరువకు" అన్నాను. మా పెళ్ళయినప్పటి నుంచి ఆయనను నువ్వు అనడం అదే మొదటిసారి. "బిడ్డా, ఇంటికి పోయి నీ పాత కాగితం తీస్కో. డాక్టరమ్మ అడిగితే నీ నోటితోటి నువ్వే చెప్పు. ఈయనను తోలుకపోకు."

అత్తాకోడళ్ళు లేచారు. వీరస్వామి కూడా లేచాడు, వాళ్ళ వెంట రెండు అడుగులు వేశాడు. మెట్టు దగ్గర బనియను చూసుకుని ఆగిపోయాడు. ఊరందరి తరఫున మాట్లాడిన మనిషి, చొక్కా లేకపోతే అరుగు దిగలేకపోయాడు.

ఇవాళ గురువారం. సోమవారం నాటి గంజి మీద మీగడ కట్టింది, పులిసిన వాసన వస్తోంది. అందులో చొక్కా చెయ్యి ఒకటి పైకి తేలింది. అన్నం వండుతున్నాను, ఇల్లు ఊడుస్తున్నాను, బకెట్‌ను జరిపి దాని కింద కూడా ఊడ్చి, మళ్ళీ అక్కడే పెడుతున్నాను.